గాజుల సముద్రం

చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చింది గానీ చిలకమ్మ ప్రాణమంతా ఆ చెప్పుల దగ్గరే ఉంది. ఎవరో ఎత్తుకుపోతారని కాదు, పోతే పోనీ, అతను ఏ మంచినీళ్ళకో బయటికొచ్చాడంటే కుడిచెప్పుకి తను వేసిన నల్లదారం కుట్టు చూసి, ఓహో మా ఆవిడ దిగబడిందని పసిగట్టేస్తాడు, పసిగడితే ఇక దొరకడు. అసలీ చర్చిలో చెప్పులు విడవాలో అక్కర్లేదో కూడా ఆవిడకి తెలీదు. కొట్టుకుందామంటే గంట లేదు. తీర్థమిచ్చే పూజారి లేడు. ప్రదక్షిణం చేద్దామంటే దేవుడి స్థలం గోడకి ఆనుకునే ఉంది, తిరగడానికి చోటేదీ. ఎవరి దేవుడైతేనేం, మొగుళ్ళ సంగతి ఆయనకీ తెలిసే ఉంటుందని నిలబడిన చోటే ఓ దణ్ణం పడేసి, కొంగు తలమీదికి లాక్కుని, ఆఖరి బెంచీలో స్తంభం చాటున ఇరుక్కుని కూచుంది, రెండు చీరలు కుక్కిన సంచీ ఒళ్ళో పెట్టుకుని. శనివారం మధ్యాహ్నం రెండు దాటింది. బయట ఎండ పేలిపోతోంది. స్టీలుప్లాంటుకి ఇనుము మోసుకుపోయే లారీ వెళ్ళినప్పుడల్లా బెంచీ కాళ్ళు వణుకుతున్నాయి. ఎదురుగా, గోడ దగ్గర వేసిన వెదురు పరంజా మీద, కింది పలకనే, ఇటు వీపు పెట్టి కూచున్నాడు అప్పలసూరి, ఆవిడ మొగుడు, మొజాయిక్ మేస్త్రీ. అతని పక్కన, జానెడు ఎడంలో, ఒక ఆడది.

పట్టుకున్నాను అనుకుంది చిలకమ్మ. పట్టుకున్నందుకు సంతోషం రావాలి కదా, రాలేదు. ఆ మనిషి తెల్లచీర కట్టింది. చేతులు బోసిగా ఉన్నాయి. నలభై ఉంటాయో ఉండవో, నడుము మాత్రం సన్నం, మహాతల్లి. ముందర వరసగా కొబ్బరి చిప్పలు పెట్టుకుంది. ఒక చిప్పలోంచి ఏదో తీస్తుంది, అతను చెయ్యి చాపుతాడు, అటు చూడనైనా చూడడు, చాపుతాడంతే, అలవాటైపోయిన చెయ్యి అది, ఆవిడ అరచేతిలో పెడుతుంది, పెట్టి అతని వేళ్ళు తనే మూస్తుంది. అతను దాన్ని గోడకి అద్ది బొటనవేలితో నొక్కుతాడు. మళ్ళీ చాపుతాడు. మళ్ళీ పెడుతుంది. ఓలమ్మో, సిగ్గూ శరం ఉండక్కర్లేదూ, దేవుడి ఎదురుగానా! పెళ్ళయి పన్నెండేళ్ళు, ఒక్కనాడు ఆకూవక్కా చుట్టి ఇచ్చినా చేతిలో పెట్టించుకోలేదు ఈ మనిషి, అక్కడ పెట్టు అనేవాడు, తన పని చేతులు తనవే అన్నట్టు. ఆ వేళ్ళని ఇప్పుడు ఇంకొకావిడ మూస్తోంది. లేచి వెళ్ళి జుట్టు పట్టుకోవాలని కాళ్ళు లేచాయి, మనసు మళ్ళీ కూలేసింది. ఆగు, ఇంకా చూడు, పూర్తిగా చూశాకే. పూర్తిగా చూశాక ఏం చెయ్యాలో కూడా ముందే ఖాయం చేసుకుంది. నాలుగు గంటల బస్సుకి వైజాగు, అక్కణ్ణించి భీమిలి, అన్న సూరన్న ఇంటికి. ఇక మళ్ళీ దువ్వాడ మొహం చూడదు. పన్నెండేళ్ళ కాపురం ఈ సంచీలో పట్టిందంతే.

ఈ అనుమానానికి మొదట దొరికింది కొన్ని ముక్కలు. చొక్కా ఉతుకుదామని జేబులో చెయ్యి పెడితే చురుక్కుమంది, వేలు తెగింది, తీసి చూస్తే గాజుముక్కలు, నీలం రంగువి, మీద బంగారు చుక్కలు. చిలకమ్మ పెట్టెలో నీలం గాజులే లేవు, ఆవిడకి ఆకుపచ్చ తప్ప కంటికానదు. ఆడదాని చేతి గాజు మగాడి జేబులో ముక్కలై ఎందుకుంటుంది? ఆ సంగతి ఆలోచించడానికి చదువు కావాలా? పైగా గాజు పగిలిందని ఆడది నోటితో అనను కూడా అనదు, పెరిగిందంటుంది, అంతటి వస్తువు. ముక్కలు అరచేతిలో పోసి అతని ముందు పెట్టింది. “ఏటిది బావా?” అంది. మేనత్త కొడుకు, చిన్నప్పట్నించీ బావే. అతను నవ్వాడు. “ఫాదరుగారు గాజు తెమ్మన్నాడే. నాను గాజులు అట్టుకెళ్ళినాను. తీరా సూత్తే ఆయనకి గావల్సింది రంగు అద్దమంట. మళయాళపాయన, పుస్తకం సదివి తెలుగు నేర్సుకున్నాడు, అద్దాన్ని గాజంటే నాకేటి తెలుత్తాది? ఒట్టుకెళ్ళినవి మళ్ళీ ఎందుకని వోటితోనే బొమ్మ సేసేత్తన్నాను.” అంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు, కళ్ళు మటుకు ఎటో పెట్టుకుని.

నిజమే అనుకుని ఊరుకుని ఉండేది. పక్క వాటాలో గౌరీశ్వరి ఉంది కదా, కృష్ణా జిల్లా మనిషి, మొగుడికి పోర్టులో ఉద్యోగం, నోట్లో మాట ఆగదు. పిట్టగోడ మీదనుంచి విని బుగ్గన వేలేసుకుంది. “అయ్యో అక్కయ్యగారూ, గాజంటే అద్దమేగా అండీ, గాజు గ్లాసు అనం? గాజు బుడ్డి అనం? మొజాయిక్ పని చేసే మేస్త్రీగారికి ఆ మాత్రం తెలీదంటే మీరు నమ్మారా?” అంది. ఇంకేముంది, విత్తనం పడింది. మీ కృష్ణాలో గాజు అద్దమేమో గానీ మా ఊళ్ళో గాజంటే చేతికి వేసుకునేదే, అద్దాన్ని అద్దమే అంటాం అని చిలకమ్మ దెబ్బలాడింది, బయటికి మొగుడి తరఫునే మాట్లాడింది, లోపల మాత్రం గౌరీశ్వరి తరఫున ఆలోచించడం మొదలెట్టింది. ఎంత తెలివైన అబద్ధం! అబద్ధమాడేవాడు ఇంత నవ్వొచ్చే అబద్ధం ఆడతాడని ఎవరనుకుంటారు?

ఆ రోజు నుంచీ ఆవిడ కళ్ళకి నిద్ర లేదు, చూడ్డమే పని. చూసినకొద్దీ కనిపించాయి. చేపలు మానేశాడు. భీమిలిలో పెళ్ళయిన మూడోరోజున చిలకమ్మ అమ్మ వండిన వంజరం ముక్కలు ముళ్ళతో సహా నమిలి మావగారి చేత సెబాసనిపించుకున్నవాడు, పూర్ణామార్కెట్టు దాకా పోయి సముద్రం చేపా చెరువు చేపా వాసన చూసి చెప్పేవాడు, ఒక రోజు పళ్ళెంలో కవ్వళ్ళ చేపల పులుసు వేస్తే వేళ్ళతో చాలాసేపు తడిమి పక్కకి నెట్టేశాడు. “ముళ్ళెక్కువ. పప్పు ఉంటే ఎయ్యి.” మతం పుచ్చుకున్నాడా? వాళ్ళు చేపలు మానరే, వాళ్ళ దేవుడి చుట్టూ ఉన్నవాళ్ళంతా చేపలు పట్టేవాళ్ళేనని ఎవరో చెప్పగా విన్నది. మరి మొక్కా? ఎవరి కోసం మొక్కు? కళ్ళు ఎర్రగా ఉంటే తాగాడేమోనని పడుకున్నాక దగ్గరికెళ్ళి ఊపిరి వాసన చూసింది, లేదు, తాగినా బాగుండేది, తెలిసిన తప్పు. చీకటి పడకముందే ఇంటికి వచ్చేయడం ఇంకో విడ్డూరం. మగాళ్ళు ఆలస్యంగా వస్తే అనుమానించాలని అందరూ చెబుతారు గానీ పొద్దుండగానే వచ్చి మూల కూచునేవాణ్ణి ఎలా అనుమానించాలో ఎవరూ చెప్పరు. పట్టపగలే అయిపోతోందన్నమాట వ్యవహారం.

ఎనభై రెండులో ఉక్కునగరం క్వార్టర్ల పని పడితేనే కదా దువ్వాడ వచ్చి పడ్డారు. అప్పుడెలా ఉండేవాడు! ఒక సెక్టారంతా అతను పరిచిన గచ్చే. నల్లరాతి చిప్సు, తెల్లరాతి చిప్సు, అక్కడక్కడ ఎర్రది, సిమెంట్లో కలిపి పోసి, ఆరాక మెషీను పెట్టి రుద్దితే, చిలకమ్మ చెంబుతో నీళ్ళు పోస్తూ వెనకే నడిచేది, బురద కింది నుంచి నున్నగా మెరుస్తూ నేల బయటికొచ్చేది. ఎవరో కాపురమొచ్చి నడిచే నేల మీద ముందుగా వాళ్ళిద్దరే బోసికాళ్ళతో నడిచేవాళ్ళు. “సూడే, నీ మొకం కనిపిత్తంది,” అనేవాడు. అప్పుడు మొహాలు చూసేవాడు. ఇప్పుడు ఎదురుగా కూచుని మాట్లాడినా ఎటో చూస్తాడు, ఎడం పక్కన నిలబడి సైగ చేస్తే తల తిప్పడు, చూడనట్టు నటిస్తాడు, తప్పుచేసిన వాడి వాలకం అది కాక మరేమిటి? మొన్న ఆదివారం ఇంకా దారుణం. గౌరీశ్వరి వాళ్ళమ్మాయి పుట్టినరోజు పేరంటానికని ఆకుపచ్చ చీర కట్టుకుని, పువ్వులు పెట్టుకుని, కావాలనే గుమ్మంలో అతని ముందు నిలబడింది. చాలాసేపటికి అన్నాడు, బతిమాలినట్టు, “నల్లసీర బాగున్నాదే నీకు,” అని. నల్లచీర! చిలకమ్మకి నల్లచీరే లేదు. ఏ చీర కట్టినావిణ్ణి కళ్ళలో పెట్టుకుని ఆ మాటన్నాడు? పేరంటంలో శనగలు ఎలా నమిలిందో, పాటలకి ఎలా తలూపిందో ఆ భగవంతుడికే తెలియాలి. ఇంటికొచ్చి రెండు చీరలు సంచీలో కుక్కింది. కుక్కి, ఈ శనివారం దాకా ఆగింది, కళ్ళారా చూడకుండా వెళితే రేపు అన్న ముందు తనే దోషి అవుతుందని.

లారీ ఒకటి వెళ్ళింది, బెంచీ వణికింది, కిటికీ రంగుటద్దంలోంచి ఎండ జరిగి గోడ మీద పడింది. అప్పుడు చూసింది చిలకమ్మ, అంతవరకూ ఆ ఇద్దరి వీపులే తప్ప గోడ ఒకటుందని చూడలేదు. గోడ నిండా సముద్రం. అచ్చంగా సముద్రం, హార్బరు దగ్గర వాన ముందర లేచే సముద్రం. నీలం, ముదురు నీలం, పచ్చ, నెమలి పింఛం రంగు, వేలకి వేల గాజుముక్కలు, వంపు వంపుగానే ఉన్నాయి, సాపు చెయ్యలేదు, ఒక్కొక్క ముక్కా ఒక్కొక్క అల, ఒకదాని భుజమెక్కి ఇంకొకటి. గాజు వంపుగా ఉంటుంది కాబట్టే అల అయింది, అద్దమైతే అయ్యేది కాదు. అలల మీద కప్పుసాసర్ల పెంకులతో తెల్లటి బట్టల ఆయన నిలబడి ఉన్నాడు, మునగడం లేదు. కింద నల్లరాయి చిప్సుతో పడవ. పడవకీ ఆయనకీ మధ్య ఒక గడ్డపాయన నడుందాకా మునిగిపోయి చెయ్యి పైకెత్తి అరుస్తున్నాడు, ఆ చెయ్యి ఆయన పట్టుకున్నాడు. కథేమిటో చిలకమ్మకి తెలీదు. భీమిలి ఆడకూతురికి చెప్పాలా, మునిగేవాడి మొహం ఎలా ఉంటుందో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా బావే చేశాడిది, గచ్చులు రుద్దుకునే నా బావ. అయితే గాజుల సంగతి నిజమేనన్నమాట. నిజమే అనుకోగానే గుండె తేలికయింది, ఒక్క నిమిషమంటే ఒక్క నిమిషం. గాజుల సంగతి నిజమైతే, మరి ఈవిడ సంగతి? గాజుల గురించి అంత చెప్పినవాడు ఈవిడ గురించి ఒక్క ముక్క చెప్పలేదేం? సగం నిజం చెప్పి సగం దాచేవాడికన్నా మొత్తం అబద్ధమాడేవాడే నయం కదా. నిమ్మళించిన అనుమానం మళ్ళీ నిప్పులు చిమ్మింది.

“ప్రార్థన చేసుకొనుచున్నావా తల్లీ?” పక్కనే గొంతు వినిపించి చిలకమ్మ ఉలిక్కిపడింది. తెల్ల అంగీ, నెరిసిన గడ్డం, ఫాదరుగారే అయ్యుండాలి. కాదనలేక తలూపింది. ఆయన గోడకేసి చూసి మురిసిపోయాడు, ఎవరైనా సరే చెప్పుకోవాలన్న ఉబలాటంలో ఉన్నాడు. “నేను గాజు తెమ్మంటిని. మేస్త్రీగారు రెండు బస్తాల గాజులు తెచ్చెను. గాజులమ్మే వారి కొట్లన్నియు తిరిగి, విరిగినవన్నియు ఏరుకొని వచ్చెను! తప్పు నాదే, భాష నాకు సరిగా రాదు. కాని చూడుము, ఆ తప్పు ఎంత అందముగా నున్నదో.” చిలకమ్మ గొంతు సవరించుకుంది. “ఆ పక్కనున్నావిడ ఎవులండీ?” అంది, ఊరికే అడిగినట్టు. “పోతమ్మ. మన చర్చి ఊడ్చు మనిషి. జ్ఞానస్నానములో మరియమ్మ అని పేరు పెట్టితిని, ఎవరును పిలువరు, పోతమ్మయే. భర్త లేడు, పాపము. ఈమె లేనిదే మేస్త్రీగారు ఒక్క ముక్కయు గోడకు పెట్టడు. ఈమె రాని దినమున పనియే మానివేయును.” ఆయన సంతోషంగానే చెప్పాడు, తన నోటితో ఏం చెప్పాడో తెలియని మనిషి. ఆ తర్వాత అటు తిరిగి, “పోతమ్మా, ఇటు రా, గది తాళము తీయవలె,” అని కేకేశాడు. ఆవిడ లేచి, కొబ్బరి చిప్పలు అతని చేతికి దగ్గరగా జరిపి, ఇదిగో ఇక్కడున్నాయి అన్నట్టు అతని చెయ్యి పట్టుకుని ఒక్కొక్క చిప్పనీ ముట్టించి, ఫాదరుగారి వెనక వెళ్ళిపోయింది.

చెయ్యి పట్టుకుని! ఈమె లేనిదే ఒక్క ముక్కయు పెట్టడు! ఇంకేం చూడాలి? చిలకమ్మ లేచింది. చేతి గాజులు చప్పుడు కాకుండా మోచేతి దాకా తోసుకుంది. అనవలసిన మాటలు బస్సులోనే వరస పెట్టుకుని వచ్చింది, మొదటిది ఇది, రెండోది ఇది, నీ బతుకు చెడ అని మూడోది, ఆఖర్న తాళి చూపించి ఒక మాట, అన్నీ నాలిక చివర నిలబడ్డాయి. బెంచీల మధ్య నడుస్తుంటే నేల చల్లగా ఉంది, అదీ అతని గచ్చే అయ్యుంటుంది, కాళ్ళకి తెలుస్తుంది. పరంజా పక్కకి వెళ్ళి అతని ఎడం వైపు నిలబడింది, మూరెడు దూరంలో. చూడలేదు. ఇంకొంచెం దగ్గరికి జరిగింది, చీర కుచ్చిళ్ళు అతని మోకాలికి తగిలేటంత. చూడలేదు. ఎంత నటన, ఎంత నటన! అతను గోడకి మొహం అంటించేటట్టు వంగి ఒక ముక్కని కుడికన్ను ముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. అప్పుడు అడుగుల అలికిడికో, బట్టల చప్పుడుకో ఇటు తిరిగాడు. కిటికీ వెలుతురు ఆవిడ వెనక ఉంది, అతని మొహం మీద నిండుగా పడింది.

“వచ్చినావా పోతమ్మా, ఇది పచ్చదా, నీలమా? బేగి సెప్పు, సిమెంటు గట్టిపడిపోతంది.”

చిలకమ్మ నోరు తెరిచే ఉంది. ఎడం కంటి నల్లగుడ్డు మీద పాలమీగడ లాంటి పొర. కుడి కన్ను ఎర్రగా, నీళ్ళు కారుతూ, ఆవిడ మొహంలోకే చూస్తోంది, ఆవిడ మొహంలోకి చూస్తూ ఎవరో తెలియక ఎదురుచూస్తోంది. చేపముళ్ళు, నల్లచీర, పొద్దుండగానే ఇంటికి రావడం, ఎడం పక్కన సైగ చేస్తే తల తిప్పకపోవడం, అన్నీ ఒక్కసారి ఆవిడ మీద వచ్చి పడ్డాయి, పరంజా వెదురు పట్టుకుని నిలదొక్కుకుంది. అతను చెయ్యి చాపి ముక్క చూపిస్తున్నాడు. వేళ్ళ నిండా గాట్లు. ఆ ముక్క పచ్చదీ కాదు, నీలందీ కాదు.

“ఎర్రది బావా,” అంది.

చాపిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. “సిలకా? నువ్వెప్పుడొచ్చినావే?”

“ఎన్నాళ్ళయింది?”

అతను ముక్కని చిప్పలో పెట్టబోయాడు, అది పక్కన పడింది. “మూడు నెల్లు. గాజు కత్తిరిత్తంటే పెచ్చు ఎగిరి ఎడం కంట్లో పడిపోనాది. నలకనుకుని నీళ్ళతో కడిగేసుకున్నాను. అది పోనాది. దాని దెబ్బకి రెండోది కూడా పాడైపోతందంట. పెద్దాసుపత్రికి ఎల్లినాను, ఆలీసం సేసుకున్నావు నాయనా అన్నారు. ఫాదరుగారికీ తెలీదు. తెలిత్తే పని ఆపేత్తాడు. ఈ గోడొకటి పూర్తయిపోతే నీతో సెబుదామనుకున్నాను.”

“ఆవిడికి సెప్పినావు. నాకు సెప్పలేదు.”

“సెప్పలేదే, నీ మీదొట్టు. సముద్రంలో ఎర్రముక్కలు ఎట్టేసినాను. ఎవులూ సూడలేదు, ఆవిడే ఊడుత్తా కనిపెట్టేసింది. ఏరి తీసేసి, ఆ కాణ్ణించి రంగులు సెప్పతంది. అంతే. నీకు సెప్తే నువ్వు ఏడుత్తావు, నువ్వు ఏడిత్తే నా సెయ్యి ఆడదు.”

చిలకమ్మ పలక మీద కూలబడింది. నాలిక చివర నిలబెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. జుట్టు పట్టుకుని ఈడ్చడానికి ఒక ఆడది లేదు, తిట్టడానికి ఒక తప్పు లేదు, అన్న దగ్గర చెప్పుకుని ఏడవడానికి ఒక పేరు లేదు. మొగుడు తప్పుదారి పడితే పోట్లాడి లాక్కోవచ్చు, రేపో మాపో తిరిగొస్తాడు, ఎందరి మొగుళ్ళు తిరిగి రాలేదు? ఈ పోయేది తిరిగి వచ్చేది కాదు. అతను ఆవిడ ఎక్కడ కూచుందో తెలియక గాల్లో తడుముతున్నాడు. ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకుని బావురుమంది.

“నీకింకో ఆడది ఉందని వచ్చినాను బావా,” అంది. “ఉన్నా బాగుణ్ణు.”